సిటీ పోలీస్ జట్టు చరిత్ర: రోవర్స్ కప్పుల నుంచి సర్వీస్ రిజిస్టర్ల దాకా

మీరు మూడు సంగతులు అడిగారు. 1950 దశకంలో దేశమంతా పేరు మారుమోగిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు నిజంగా అమెచ్యూర్ (ఆటకు డబ్బు తీసుకోని) జట్టేనా అన్నది మొదటిది. అంత గొప్ప జట్టు ఆనవాలు లేకుండా ఎలా పోయిందన్నది రెండవది. మీ తాతగారు కానిస్టేబుల్‌గా పనిచేస్తూ ఆ జట్టుకు ఆడారని ఇంట్లో చెప్పుకునే మాటను ఎలా రుజువు చేసుకోవాలన్నది మూడవది. ఈ మూడింటినీ కలిపే తాడు ఒకటే, అది పోలీసు శాఖ ఇచ్చిన ఉద్యోగం. ఆ జట్టును నిలబెట్టిందీ, తర్వాత దాన్ని బలహీనపరిచిందీ, ఇవాళ మీ తాతగారి జాడ పట్టివ్వగలిగేదీ ఆ ఉద్యోగమేనని నా అభిప్రాయం. నగర లీగ్ ఫుట్‌బాల్‌తో చాలాకాలంగా సంబంధం ఉన్నవాడిగా, పాత పత్రికలు తిరగేసే అలవాటున్నవాడిగా నాకు తెలిసినంత మేర వివరంగా రాస్తున్నాను.

ముందు రికార్డు సంగతి చూద్దాం, ఎందుకంటే దీనిమీద ఎవరికి తోచిన అంకె వారు చెబుతున్నారు. బొంబాయి కూపరేజ్ మైదానంలో జరిగిన రోవర్స్ కప్‌ను సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు గెలిచింది. 1891లో మొదలైన ఆ టోర్నమెంటు ఆగిపోయేదాకా మరే జట్టూ అలా ఐదుసార్లు వరసగా గెలవలేదు. 1957లో మళ్లీ గెలిచింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో 1960లో, 1963లో గెలిచి, 1962లో కలకత్తా జట్టు ఈస్ట్ బెంగాల్‌తో కలిసి కప్పు పంచుకుంది. అంటే మొత్తం తొమ్మిది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్ నాలుగుసార్లు వచ్చింది: 1950, 1954, 1957లలో సిటీ పోలీస్‌గా, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా. వీటిలో 1950 నాటి డ్యూరాండ్‌కు ప్రత్యేకత ఉంది. 1940 తర్వాత ఆగిపోయిన టోర్నమెంటు స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి జరిగింది అప్పుడే. ఫైనల్లో మరో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌తో మొదటి ఆట డ్రా అయింది, రెండో ఆటలో మనవాళ్లు 1-0తో గెలిచారు. 1952లోనూ, 1956లోనూ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడి, 1957లో అదే ఈస్ట్ బెంగాల్‌ను 2-1తో ఓడించారు. 1961లో మళ్లీ మోహన్ బగాన్ మీద 1-0తో గెలుపు. 1963 ఫైనల్లో అదే మోహన్ బగాన్ చేతిలో 2-0తో ఓటమి. ఆ తర్వాత ఈ జట్టు పేరు పెద్ద ఫైనళ్లలో అరుదైపోయింది.

ఈ లెక్కలో రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కలపకూడదు. 1956-57లోనూ, 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచింది హైదరాబాద్ రాష్ట్ర జట్టు. అందులో సిటీ పోలీస్ ఆటగాళ్లు ఎక్కువమంది ఉన్న మాట నిజమే గానీ, ఇతర క్లబ్బుల వారూ ఉన్నారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ పేరు మరికొంత కాలం కొనసాగిందని ఈ రెండో విజయమే చెబుతుంది. మూడవది 1965-66లో, ఆంధ్రప్రదేశ్ పేరుతో బెంగాల్‌ను ఫైనల్లో ఓడించి గెలిచినది. మీ తాతగారి విషయంలో ఈ తేడా పనికొస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పాను.

జట్టు పుట్టుక గురించి క్లుప్తంగా చెబుతాను. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంట్లలోని పటాలాలు ఆడే ఆటను చూసి నేర్చుకున్న తరం ఒకటి నిజాం రాజ్యంలో తయారైంది. సిటీ ఆఫ్ఘాన్స్ అనే పేరుతో ఉన్న జట్టు 1930ల చివరికి పోలీసు శాఖ నీడకు చేరి సిటీ పోలీస్ అయింది. అప్పటికే దక్షిణాదిన ఒక దారి పడి ఉంది. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు రోవర్స్ గెలిచి, పటాలం జట్ల ఆధిపత్యాన్ని తెంచిన తొలి భారతీయ పౌర జట్టు అనిపించుకుంది. 1940లో మహమ్మడన్ స్పోర్టింగ్ డ్యూరాండ్‌లోనూ అదే పని చేసింది. సిటీ పోలీస్ పేరు హైదరాబాద్ రాజ్యం దాటి వినపడింది 1943లో, బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ గెలిచినప్పుడు. ఆ ఫైనల్లో ఎదుట నిలిచింది రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టు. 

ఇక మీ మొదటి ప్రశ్న. అప్పటి అర్థంలో అది అమెచ్యూర్ జట్టే, అందులో అనుమానం అక్కర్లేదు. ఆడినందుకు జీతం లేదు, జట్టు మారితే క్లబ్బుకు ముట్టే సొమ్ము లేదు, ఒప్పందపత్రం లేదు. ఆటగాడికి నెలనెలా వచ్చేది కానిస్టేబుల్‌గానో, హెడ్ కానిస్టేబుల్‌గానో, ఇంకాస్త పైమెట్టు మీదనో ఉన్నందుకు శాఖ ఇచ్చే జీతం. టోర్నమెంటుకు వెళ్తే ప్రయాణపు ఖర్చులు, భత్యం. ఒలింపిక్స్‌లో ఆడాలంటే అమెచ్యూర్‌గా ఉండి తీరాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గట్టిగా పట్టుబట్టిన కాలం అది. కాబట్టి అమెచ్యూర్ అన్న మాట ఆనాడు గౌరవానికి సంబంధించినది మాత్రమే కాదు, హెల్సింకీకో మెల్‌బోర్న్‌కో వెళ్లడానికి ఉండాల్సిన అర్హత కూడా. అయితే సాయంత్రం పని ముగించుకుని సరదాగా ఆడుకునే వారి జట్టు అని దీన్ని ఊహించుకుంటే పొరపాటు. ఆట కోసమే ఉద్యోగంలోకి తీసుకున్నవారు, ఆట కోసమే విధుల నుంచి వెసులుబాటు పొందినవారు అందులో ఉన్నారు. అదే కాలంలో యూరప్‌ను గడగడలాడించిన హంగరీ జట్టును చూడండి. పుష్కాష్ హోన్‌వేద్ అనే సైనిక జట్టు ఆటగాడు, కాగితం మీద సైన్యాధికారి, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన అమెచ్యూర్. ఇక్కడ పోలీసు ఉద్యోగం చేసిన పని, అక్కడ సైనిక హోదా చేసింది.

ఈ ఏర్పాటు విలువ అర్థం కావాలంటే ఆ కుర్రాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. వారిలో చాలామంది పేద, దిగువ మధ్యతరగతి ఇళ్ల పిల్లలు. అమ్ముగూడలో పుట్టి పెరిగిన తులసీదాస్ బలరాం తన తొలి ఆట బూట్ల గురించి చెప్పుకున్న సంగతి ప్రసిద్ధమే: పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్లను అడిగి తెచ్చుకుని, వాటిని చెప్పులు కుట్టే అతని చేత ఆటకు పనికొచ్చేలా మార్పించుకున్నారు. సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్‌కు ప్రాక్టీసుకు వచ్చే స్తోమత లేదంటే కోచ్ రహీం సైకిలు సంగతి చూసుకున్నారు. ఇలాంటి ఇంట్లో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ప్రభుత్వ ఉద్యోగం, ఆ తర్వాత పింఛను దొరుకుతాయంటే, ఆట మానేసి సంపాదన చూసుకోమని తండ్రి గద్దించే సందర్భమే రాదు. నా దృష్టిలో సిటీ పోలీస్ చేసిన అసలైన పని ఇదే. ప్రతిభ ఉన్న కుర్రాడు ఇరవై రెండేళ్లకే ఆటకు దూరం కాకుండా, ముప్పై దాటేదాకా అదే సహచరులతో ఆడగలిగాడు. ఐదేళ్లు వరసగా కప్పు గెలవడం వెనుక ఎంత నైపుణ్యం ఉందో, ఏటేటా చెదరని జట్టుగా ఉండగలగడమూ అంతే ఉంది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివారు కలిసి ఆడుతూ ఆడుతూ ఒకరి పరుగును ఒకరు చూడకుండానే పసిగట్టే స్థితికి చేరారు. శాఖలో దీనికి అండగా నిలిచిన అధికారుల్లో శివ్‌కుమార్ లాల్ పేరు ముందు చెప్పాలి. గోషామహల్ పోలీస్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

రహీం సాబ్ గురించి మీరు అడగలేదు, కానీ ఆయన ప్రస్తావన లేకుండా ఈ జట్టు గురించి చెప్పలేం. సయ్యద్ అబ్దుల్ రహీం పోలీసు కాదు, బడిపంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి చోట్ల పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీస్ కోచ్. 1963 జూన్‌లో కేన్సర్‌తో పోయేదాకా ఆ రెండు బాధ్యతలూ మోశారు. వాటితోపాటు జాతీయ జట్టుకూ కోచ్‌గా ఉండి, 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోనూ, 1962 జకార్తాలోనూ బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించారు. ఇవి అందరికీ తెలిసినవే. తక్కువగా చెప్పుకునేది, నా మట్టుకు ఎక్కువ విలువైనది, ఆయన నగరంలో పెట్టిన చిన్న పోటీల సంగతి.

వాటిలో ఒకటి డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంటు. అప్పటి మన ఆటగాళ్లకు బంతి కాలికి తగిలితే ఇద్దరినైనా ఏమార్చి గానీ వదలకూడదన్న పట్టుదల ఉండేది, ప్రేక్షకులు చప్పట్లు కొట్టేదీ దానికే. ఆ పోటీలో బంతి పట్టుకుని ఎదుటివాడిని దాటబోవడమే తప్పు. అటువంటి ఆటలో ఒక హాఫ్‌బ్యాక్ (మైదానం మధ్యలో ఆడేవాడు) పరిస్థితి ఊహించండి. బంతి తన దగ్గరికి రాకముందే తల ఎత్తి ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి పెట్టుకోవాలి, వచ్చిన బంతిని ఒక్క తాకుతోనే అటు పంపేయాలి, పంపిన వెంటనే మళ్లీ అందుకోవడానికి ఖాళీలోకి కదలాలి. బంతి లేని మిగతా తొమ్మిదిమంది కూడా నిలబడి చూస్తుంటే కుదరదు, ఎందుకంటే అందుకునేవాడు కదలకపోతే ఇచ్చేవాడికి దారి ఉండదు. నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పాఠం, నియమం మార్చేసరికి గంటలో కాళ్లకు ఎక్కుతుంది. అలాగే బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీ ఒకటి, ఎత్తు పరిమితి పెట్టి పొట్టి కుర్రాళ్లకు అవకాశమిచ్చే పోటీ ఒకటి ఉండేవి. తరగతి గదిలో పిల్లవాడి లోపం ఎక్కడుందో కనిపెట్టి దానికి తగిన లెక్క ఇచ్చే ఉపాధ్యాయుడి బుద్ధి వీటన్నిటిలో కనిపిస్తుంది. ఈ పోటీలు సిటీ పోలీస్‌కు మాత్రమే కాదు, నగరంలోని చిన్నాచితకా క్లబ్బులన్నిటికీ. అందువల్ల శాఖ కొత్తగా ఎవరినైనా తీసుకున్నా, అతను ఆ ధోరణి ఆటకు అప్పటికే అలవాటుపడి ఉండేవాడు. ఒక జట్టును తయారుచేయడానికి ఊరు మొత్తాన్ని తయారుచేయడమన్న మాట.

బ్రెజిల్ కంటే ముందే రహీం 4-2-4 పద్ధతి (వెనుక నలుగురు, మధ్యన ఇద్దరు, ముందు నలుగురు నిలబడే అమరిక) కనిపెట్టారని, బ్రెజిల్ వాళ్లు దాన్నే కాపీ కొట్టారని తిరిగే మాటను మాత్రం నేను ఒప్పుకోను. అంతకు ముందు వాడుకలో ఉన్న డబ్ల్యూ-ఎం పద్ధతిని (ఆటగాళ్లు ఆ రెండు ఇంగ్లీషు అక్షరాల ఆకారంలో నిలబడే అమరిక) విడగొట్టే ప్రయత్నాలు అప్పటికే చాలాచోట్ల జరుగుతున్నాయి. సెంటర్ ఫార్వర్డ్ వెనక్కు జారి ఆడితే ఏమవుతుందో 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించి హంగరీ లోకానికి చూపింది. ఆ మార్పులను దూరాన ఉండి గమనించి, టెలివిజన్ లేని కాలంలో అర్థం చేసుకుని, మన ఆటగాళ్లకు సరిపోయేట్టు మలచడమే రహీం గొప్పతనం. ఆ గొప్పతనానికి లేని కిరీటం తగిలించనక్కర్లేదు.

మన దేశంలో ఆనాటి ఆట నిడివి కూడా గుర్తుంచుకోవాలి. దేశవాళీ పోటీలు తొంభై నిమిషాలు కాక డెబ్బై నిమిషాలే ఆడేవారు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యే దాకా బూట్లు లేకుండా ఆడటం మామూలే, ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. పొట్టి పాసులు, వేగం, చురుకుదనం మీద ఆధారపడిన సిటీ పోలీస్ ఆట ఈ పరిస్థితుల్లో పుట్టింది. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన భారత జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాద్ వారు ఉన్నారంటే, ఆ ఆట తొంభై నిమిషాలకూ బూట్లకూ కూడా సర్దుకుందని అర్థం.

ఇప్పుడు రెండో ప్రశ్న. రహీం సాబ్ పోయారు, జట్టు పోయింది అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. ఆయన పోయిన 1963లోనే జట్టు రోవర్స్ గెలిచి, డ్యూరాండ్ ఫైనల్ దాకా వెళ్లింది. కోచ్ మరణం వేగం పెంచి ఉండవచ్చు గానీ, పగులు అంతకు ముందే మొదలైంది.

ఉద్యోగం ఆటగాడిని నిలబెట్టగలిగేది ఎంతకాలమంటే, దానికంటే మంచిది మరెవరూ ఇవ్వనంతకాలం. కలకత్తా పెద్ద క్లబ్బులు ముందునుంచీ దక్షిణాది మీద కన్నేసి ఉంచాయి. 1950 ప్రాంతంలో ఈస్ట్ బెంగాల్‌కు పేరు తెచ్చిన ఐదుగురు ఫార్వర్డ్‌లలో అప్పారావు మన కాకినాడవారే. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. హైదరాబాద్‌లోనే పుట్టిన పీటర్ తంగరాజ్ సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు ఆడి, ఆసియాలోని మేటి గోల్‌కీపర్లలో ఒకరయ్యారు. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఇద్దరూ ఈస్ట్ బెంగాల్ చేరారు. కలకత్తాలో హబీబ్‌ను దేశపు తొలి ప్రొఫెషనల్ అని పిలుస్తారు. తక్కినవారంతా బ్యాంకు, రైల్వే ఉద్యోగాల్లో కుదురుకుంటుంటే, ఆయన ఆ ఉద్యోగాలు కాదనుకుని ఆటనే వృత్తి చేసుకున్నారన్నది దానికి కారణం. ఉద్యోగం ఆధారంగా ఆడిన సిటీ పోలీస్ ఎక్కడ పుట్టిందో, ఉద్యోగం వద్దన్న హబీబ్ కూడా అక్కడే పుట్టాడు. మధ్యలో గడిచింది ఒక్క తరమే. ఆ తరంలోనే కానిస్టేబుల్ జీతం పెద్ద ఆకర్షణగా ఉండటం ఆగిపోయింది. కలకత్తాలో లభించేది డబ్బు మాత్రమే అనుకోకండి. నిండిన మైదానాలు, మర్నాడు పత్రికల మొదటి పేజీల్లో పేరు, వీధిలో గుర్తుపట్టే జనం, ఇవన్నీ కలిసి లాగాయి.

రెండో కారణం శాఖలోనే ఉంది. క్రీడాకారులను తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ఒకరిద్దరు అధికారుల అభిరుచి మీద నడిచింది. ఆటంటే ప్రాణం పెట్టే అధికారి ఉన్నప్పుడు కుర్రాళ్లకు చోటు దొరికింది. అటువంటివారు పదవీ విరమణ చేశాక, పోలీసు శాఖ పని శాంతిభద్రతలు చూడటమే గానీ రోవర్స్ కప్ గెలవడం కాదన్న వాదన సహజంగానే బలపడుతుంది. అందులో తప్పు పట్టడానికీ లేదు. పోలీసు జట్లకు అఖిల భారత పోలీసు పోటీలు వేరే వేదికగా ఉన్నాయి, శాఖ దృష్టిలో అవి చాలు.

మూడవది, ఎక్కువమంది పట్టించుకోనిది: ఈ జట్టుకు సభ్యులు లేరు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కష్టకాలాలను దాటుకుని వచ్చాయంటే చందా కట్టే సభ్యులు, ఎన్నికయ్యే కార్యవర్గాలు, పార్టీలుగా విడిపోయి కొట్టుకునే అభిమానులు కూడా దానికి కారణం. కొట్టుకోవడం కూడా ఒక రకంగా క్లబ్బును బతికిస్తుంది, ఎందుకంటే అది తమది అనుకుంటేనే ఎవరైనా కొట్టుకుంటారు. సిటీ పోలీస్ గెలిచినప్పుడు నగరం పొంగిపోయింది, కానీ జట్టును ఉంచాలా తీసేయాలా అన్న దాంట్లో నగరానికి మాట లేదు. శాఖ చల్లబడ్డప్పుడు అడిగేవారు లేకపోయారు.

ఇది మన ఒక్కరి కథ అనుకోవద్దు. కేరళ పోలీస్ జట్టు చరిత్ర చదివితే మన కథనే మళ్లీ చదివినట్టుంటుంది. విజయన్, సత్యన్, పాపచ్చన్ వంటివారిని ఉద్యోగాల్లోకి తీసుకుని, 1990లోనూ 1991లోనూ వరసగా ఫెడరేషన్ కప్ గెలిచింది. ఆ వెంటనే విజయన్ మోహన్ బగాన్‌కు వెళ్లారు, ఆ వైభవం కొద్ది ఏళ్లలో ముగిసింది. కంపెనీ జట్లదీ అదే దారి: మహీంద్రా యునైటెడ్ 2010లో, జేసీటీ 2011లో యాజమాన్యం ఒక్క నిర్ణయంతో మూతపడ్డాయి. రెండూ జాతీయ స్థాయిలో టైటిళ్లు గెలిచిన జట్లే.

మైదానాల కొరత, క్రికెట్ విస్తరణ, అసోసియేషన్ తగాదాలు వంటివి కూడా చెబుతుంటారు. వాటి ప్రభావం నగర ఫుట్‌బాల్ మొత్తం మీద ఉంది, ఈ జట్టు మీద ప్రత్యేకంగా కాదు. గోషామహల్ మైదానం స్థలంలోనే కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి అవసరాన్ని ఎవరూ కాదనరు గానీ, శివ్‌కుమార్ లాల్ పేరున్న ఆ స్థలం ఆటకు దూరమవుతున్నప్పుడు మనసు చివుక్కుమన్నవారిలో నేనూ ఒకణ్ణి.

ఇక మీ తాతగారి విషయం. పత్రికల కంటే ముందు ఉద్యోగం కాగితాలు వెతకండి. ఆటగాడు టోర్నమెంటుకు వెళ్లిన రోజులను శాఖ విధి నిర్వహణగానే లెక్కకడుతుంది కాబట్టి, ఆయన సర్వీస్ రిజిస్టర్‌లో బొంబాయి, ఢిల్లీ ప్రయాణాల తేదీలు గానీ, క్రీడల కోసం ఇచ్చిన నగదు బహుమతి, ప్రశంస, పదోన్నతి వంటి నమోదులు గానీ ఉండే అవకాశం ఉంది. ఇంట్లో పింఛను పత్రం ఉంటే దాని మీది నంబరుతో, కుటుంబ సభ్యులుగా మీ అమ్మమ్మగారో, మీ అమ్మగారో దరఖాస్తు చేస్తే రిజిస్టర్ నకలు అడగవచ్చు. మామూలు దారిలో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆయన 1948కి ముందే ఉద్యోగంలో చేరి ఉంటే కాగితాలు ఉర్దూలో ఉంటాయి, తేదీలు ఫస్లీ సంవత్సరంలో (నిజాం ప్రభుత్వం వాడిన లెక్క) ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తు శకం ఉజ్జాయింపుగా వస్తుంది. ఫస్లీ 1352 అంటే 1942 అక్టోబరు నుంచి 1943 అక్టోబరు దాకా. ఈ చిన్న లెక్క తెలియక, తాతగారు చెప్పిన సంవత్సరానికీ కాగితానికీ పొంతన లేదని వెతకడం మానేసిన కుటుంబాలు ఉన్నాయి. నిజాం కాలపు దస్త్రాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి, ఉర్దూ చదవగలిగినవారిని వెంట తీసుకెళ్లండి.

పత్రికలకు వస్తే, రోవర్స్ సంగతులకు బొంబాయి పత్రికలు, డ్యూరాండ్‌కు ఢిల్లీ పత్రికలు, నగర లీగ్‌కు 1949లో మొదలైన సియాసత్ వంటి ఉర్దూ దినపత్రికలు, దక్కన్ క్రానికల్ చూడాలి. అప్పటి పత్రికల్లో జట్టు పేర్లు వేసే పద్ధతి తెలిస్తే పని సులువవుతుంది. ముందు గోల్‌కీపర్, తర్వాత ఇద్దరు బ్యాక్‌లు, తర్వాత ముగ్గురు హాఫ్‌లు, చివర ఐదుగురు ఫార్వర్డ్‌లు, ఒక్కో వరుస ముగిసిన చోట ఒక విరామ చిహ్నం ఉంటుంది. జట్టు మైదానంలో ఏ పద్ధతిలో నిలబడినా అచ్చులో మాత్రం ఈ వరుసే పాటించేవారు. అందువల్ల మీ తాతగారు రైట్ హాఫ్ అయితే ఆయన పేరు నాలుగో స్థానంలో వెతకాలి. ఇంటిపేరు వేయరు, పొడి అక్షరాలూ చాలాసార్లు వదిలేస్తారు, ఒకే పేరు ఇద్దరికి ఉంటే సీనియర్, జూనియర్ అని తగిలిస్తారు. ఇంగ్లీషు పత్రికల్లో ఒకే మనిషి పేరు మూడు రకాల వర్ణక్రమాల్లో పడటం మామూలు.

ఇంకొక జాగ్రత్త. ఆ రోజుల్లో పోటీ ఆటల్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. జట్టుతో బొంబాయి దాకా రైల్లో వెళ్లి, రోజూ ప్రాక్టీసు చేసి, జట్టు ఫొటోలో నిలబడి, ఒక్క ఆటలోనూ దిగే అవకాశం రాని రిజర్వు ఆటగాళ్లు ప్రతి పర్యటనలోనూ ఉంటారు. పత్రికలో పేరు లేనంత మాత్రాన తాతగారి మాట అబద్ధమని తీర్మానించకండి. మరోపక్క, పోలీసు శాఖలో అంతర్గత పోటీలు ఆడే జట్లు వేరే ఉండేవి, 1960 నాటికి పెద్ద జట్టు పేరే ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. పోలీస్ టీముకు ఆడాను అన్న మాట వీటిలో దేనికైనా వర్తిస్తుంది. ఇంట్లో ఫొటో ఉంటే ముందు కప్పు ఆకారం, ఫలకం మీది అక్షరాలు, కూర్చున్న వరసలో మధ్యనున్న అధికారి ఎవరన్నది చూడండి. కోటు వేసుకుని పక్కన నిలబడ్డ సన్నటి మనిషి రహీం సాబ్ అయితే ఆ ఫొటో 1950కీ 1963కీ మధ్యదని చాలావరకు నమ్మవచ్చు.

తాతగారు ఉద్యోగంలో చేరిన సంవత్సరం, ఆడిన స్థానం, మైదానంలో ఆయన్ను ఏ పేరుతో పిలిచేవారో మీ అమ్మమ్మగారిని అడిగి ఇక్కడ రాయండి. ఫొటో వెనుక ఏమైనా రాసి ఉంటే, ఉర్దూ అయినా సరే, స్పష్టంగా తీసి పెట్టండి. ఆ నాలుగు వివరాలుంటే ఏ ఏటి రోవర్స్ కప్ నుంచి వెతకడం మొదలుపెట్టాలో చెప్పగలను.